నర్సుగా ఎనిమిదేళ్లు, ఇప్పుడు లా: ఆరోగ్య హక్కుల రంగంలో నిలబడగలనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎనిమిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేశారు. వారానికి మూడు నైట్లు చేసుకుంటూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరానికి వచ్చారు. వయసు 33. వార్డుల్లో పేదవాళ్లకు జరిగేది చూసి చూసి లా వైపు మళ్లారు. డిగ్రీ చేతికి రాగానే ఆరోగ్య హక్కుల మీద పనిచేసే ఒక ఎన్జీవోలో చేరాలని ఉంది. ఇది కెరీర్‌గా నిలబడుతుందా, డబ్బులు వస్తాయా, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. రావచ్చు, నిలబడుతుంది కూడా. కానీ మొదటి ఉద్యోగం ఎన్జీవోలో వద్దు. రెండు మూడేళ్లు జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర పనిచేసి, అప్పుడు రండి. మీకున్న ఆసుపత్రి అనుభవానికి కోర్టు పని తోడైతే మీకోసం సంస్థలే వెతుక్కుంటూ వస్తాయి. అది లేకుండా వస్తే మీరు రిపోర్టులు రాస్తూ ఉండిపోతారు.

నేను ఈ పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. ఆరేళ్లు ఒక సంస్థలో, మిగతాదంతా సొంత ప్రాక్టీసు, మధ్య మధ్యలో సంస్థల తరఫున కేసులు. నాకు పక్షపాతం లేదని అనను. వకాలత్‌నామా (క్లయింటు తన తరఫున వాదించమని లాయరుకు ఇచ్చే పత్రం) ఎక్కడ వేయాలో తెలియని హక్కుల లాయర్లను చాలామందిని చూసి కొంచెం విసుగెత్తి ఉన్నాను. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు అసలు పని ఏమిటో చెప్తాను. బయటి నుంచి చూసేవాళ్లకు పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయడం, పెద్ద తీర్పు రావడం, పేపర్లో పేరు పడటం కనిపిస్తాయి. లోపల ఉండేదంతా కాగితం. కేసు షీటు (ఆసుపత్రిలో రోగికి ఏం చేశారో రాసే రికార్డు) సంపాదించడం, దాన్ని చదవడం, అందులో లేనిది ఏమిటో పట్టుకోవడం, ఆ లేనిదాన్ని ఇంకో ఆఫీసులో ఇంకో రిజిస్టర్‌లోంచి బయటికి లాగడం.

నా రెండో ఏడాదిలో ఒక కేసు వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయింది. తర్వాత రక్తస్రావం ఆగలేదు, తెల్లారేసరికి తల్లి చనిపోయింది. భర్త ఆటో నడిపేవాడు. నేను ఆవేశంగా వెళ్లి వినియోగదారుల ఫోరంలో కేసు వేశాను. ఏడాది తర్వాత అది అక్కడ నిలవదని కొట్టేశారు. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన మాట నిజమే. కానీ అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను అదే తీర్పు బయట ఉంచింది. ఆ తీర్పు పేరు నాకు నోటికొచ్చు, చివరిదాకా మాత్రం చదవలేదు. ఆ కుటుంబానికి ఒక ఏడాది పోయింది నా వల్లే. తర్వాత హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కుల ఉల్లంఘన మీద నేరుగా వేసే పిటిషన్) వేశాం.

రిట్‌లో పెట్టడానికి నా దగ్గర ఉన్నది కేసు షీటు నకలు ఒక్కటే. మూడు నెలలు నా బల్ల మీదే ఉంది. నాకేమీ కనపడలేదు. మా ఇంటి పక్కన రిటైరైన హెడ్ నర్సు ఒకావిడ ఉండేవారు. ఒక ఆదివారం ఆవిడకు చూపిస్తే పది నిమిషాలు తిరగేసి, "ఇది గంటగంటకీ రాసింది కాదమ్మా, ఒక్కసారే కూర్చుని రాసేశారు" అన్నారు. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా ప్రతి అరగంటకూ బీపీ 110/70, పల్స్ 84. అంత రక్తం పోతున్న మనిషికి పల్స్ అలా కదలకుండా ఉండదట. "రక్తం కోసం ఇండెంట్ ఎన్నింటికి వెళ్లిందో చూడు" అని కూడా ఆవిడే చెప్పారు. ఇండెంట్ అంటే వార్డు నుంచి రక్తం అడుగుతూ పంపే చీటీ. సమాచార హక్కు కింద బ్లడ్ బ్యాంకు ఇష్యూ రిజిస్టర్ నకలు తెప్పించాం. కేసు షీటులో 1.15కే రక్తం అడిగినట్టు ఉంది. బ్లడ్ బ్యాంకు రిజిస్టర్‌లో ఇండెంట్ అందింది 3.50కి. ఆ రెండున్నర గంటలే మా కేసు అయింది. ఐదేళ్లకు పరిహారం వచ్చింది.

నేను మూడు నెలల్లో చూడలేనిది మీరు పది నిమిషాల్లో చూస్తారు. ఈ రంగంలో నూటికి తొంభై మంది లాయర్లకు లేని ఆస్తి అది. దాన్ని ఒక ఆఫీసులో కూర్చుని వర్క్‌షాపులకు ఆహ్వానపత్రాలు రాయడానికి వాడకండి.

ఇంకో మాట కూడా మీతోనే చెప్పాలి. ఇలాంటి కేసుల్లో అందరి వేలూ ముందు చూపించేది నర్సు వైపే. డ్యూటీ డాక్టరు ఫోనెత్తలేదన్నది షీటులో ఉండదు, సిస్టర్ ఆలస్యంగా చెప్పిందన్నది మాత్రం ఉంటుంది. ఆ రాత్రి ఆ వార్డులో ఒక్క నర్సుకు ఎంతమంది రోగులున్నారో ఎవరూ రాయరు. నేను ఇప్పుడు ప్రతి కేసులోనూ కేసు షీటుతో పాటు ఆ రోజు డ్యూటీ రోస్టర్, మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని అడుగుతాను. అప్పుడు కేసు ఒక మనిషి మీద నుంచి ఆ పోస్టులు నింపని వాళ్ల మీదికి జరుగుతుంది. అయినా మీ పాత సహోద్యోగుల్లో కొందరు మీతో మాట్లాడటం మానేస్తారు. మీరు ఆసుపత్రికి ఎదురు నిలబడ్డారనే చూస్తారు. నాతో చదువుకున్న ఒక డాక్టరు స్నేహితురాలు పదకొండేళ్లుగా నాకు ఫోన్ చేయలేదు. దీనికి మందు లేదు, తెలిసి రండి చాలు.

ఎన్జీవో మొదట ఎందుకు వద్దంటున్నాను?

కొత్తగా పాసైన వాళ్లను సంస్థలు ఎక్కువగా డాక్యుమెంటేషన్‌లో పెడతాయి. ఫ్యాక్ట్ ఫైండింగ్‌కి వెళ్లడం, నివేదిక రాయడం, మీటింగుల మినిట్స్ రాయడం. అది పనికిరాని పని అనను. కానీ ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం (క్రాస్), కోర్టు ఆఫీసు (రిజిస్ట్రీ) వేసిన అభ్యంతరాలు సరిచేసి తిరిగి దాఖలు చేయడం, వాయిదా రోజున జడ్జి అడిగిన ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పడం అక్కడ నేర్పరు. ఇరవై ఐదేళ్ల పిల్లలయితే రెండేళ్లు పోయినా ఫర్వాలేదు. మీకు ఆ తీరిక లేదు.

రెండో కారణం నిధులు. సంస్థల ఉద్యోగాలు ప్రాజెక్టుకు కట్టుబడి ఉంటాయి. రెండేళ్ల గ్రాంటు అయితే ఉద్యోగం కూడా రెండేళ్లే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. పెద్ద సంస్థల నుంచి జిల్లాల్లోని చిన్న సంస్థలకు వచ్చే డబ్బు ఆగిపోయింది. మన జిల్లాల్లో ఒక్క లాయరుతో నడిచే చిన్న ఆఫీసులు మూతపడటం నేను కళ్లారా చూశాను. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ డబ్బు ఉంది కదా అంటారు. కంపెనీలు అంబులెన్సు కొనిస్తాయి, డయాలసిస్ మిషన్ ఇస్తాయి. ప్రభుత్వం మీద కేసు వేయడానికి డబ్బిచ్చే కంపెనీ నాకు ఇంతవరకూ తగల్లేదు.

మూడోది కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 49 ప్రకారం ప్రాక్టీసు చేసే అడ్వకేట్ ఎవరి దగ్గరా పూర్తికాల జీతం ఉద్యోగిగా ఉండకూడదు. ఎన్జీవో అయినా అంతే. జీతం మీద చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపుకోవాలి. అంటే సంస్థ కేసులోనే మీరు కోర్టులో నిలబడలేరు. అందుకే కోర్టు పని ఉన్న చాలా సంస్థలు లాయర్లను రిటైనర్ మీద తీసుకుంటాయి. నెలనెలా ప్రొఫెషనల్ ఫీజు ఇస్తాయి, అందులో పన్ను కోస్తాయి. అలాంటి ఒప్పందంలో పీఎఫ్ ఉండదు, జీతంతో కూడిన సెలవు ఉండదు, ప్రసూతి సెలవు కూడా ఉండదు. ఆరోగ్య హక్కుల కోసం పోరాడే లాయరుకు ఆరోగ్య బీమా ఉండదన్నమాట. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు అది ఉద్యోగమా, రిటైనరా అని మొదట అడగండి. దాన్ని బట్టే మిగతా అంతా. ఇప్పుడు మీరు చేస్తున్న నర్సు ఉద్యోగానికీ ఇదే వర్తిస్తుంది, లాయరుగా ఎన్‌రోల్ (బార్ కౌన్సిల్‌లో నమోదు) అయ్యే రోజుకు అది వదిలేయాలి.

సీనియర్ దగ్గర డబ్బులు ఇంకా తక్కువే. నేను చేరినప్పుడు మా సీనియర్ నెలకు మూడు వేలు ఇచ్చేవారు, అది కూడా పండక్కి గుర్తుచేస్తే. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 తగ్గకుండా ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, ఇవ్వనివాళ్లే ఎక్కువ. ఒక మంచి మార్పు మాత్రం జరిగింది. 2024 జులైలో సుప్రీంకోర్టు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలకైతే 125కు మించి వసూలు చేయకూడదని చెప్పింది. అంతకుముందు వేలకు వేలు కట్టించుకునేవారు. ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోపు ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలన్నది మర్చిపోకండి.

ఎలాంటి సీనియర్ కావాలి? పేరున్న హక్కుల లాయరే అక్కర్లేదు. మోటారు ప్రమాద కేసులు చేసేవారు దొరికితే వదలకండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. గాయాల సర్టిఫికెట్లు, వైకల్య శాతం, డాక్టరు సాక్ష్యం, భవిష్యత్ ఆదాయం లెక్క అన్నీ అక్కడ రోజూ ఉంటాయి. డాక్టరును బోనులో ప్రశ్నించడం నేను నేర్చుకున్నది ఆ కోర్టులోనే. వినియోగదారుల కమిషన్‌లో వైద్య నిర్లక్ష్యం కేసులు చేసేవారైనా సరే.

ఇక పిల్ గురించి. మీరు రాసిన దాంట్లో "పెద్ద మార్పు తెచ్చే పిల్స్" అన్నారు. ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం.

1992 జులైలో హకీం షేక్ అనే కూలీ పశ్చిమ బెంగాల్లో రైల్లోంచి పడిపోయాడు. తలకు గాయం. ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఇంకోటి, బెడ్ లేదనో సౌకర్యం లేదనో పంపించేశాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో 17,000 రూపాయలు పెట్టి వైద్యం చేయించుకున్నాడు. అతను సభ్యుడిగా ఉన్న వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో కోర్టు అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కును ఉల్లంఘించడమే అంది. అతనికి 25,000 పరిహారం ఇప్పించింది. డబ్బుల్లేవన్న సాకు ప్రభుత్వం చెప్పడానికి వీల్లేదని కూడా అంది. ఇంతకంటే గట్టి తీర్పు ఏముంటుంది? అయినా మీరు పనిచేసిన ఎనిమిదేళ్లలో క్యాజువాలిటీ గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి పంపిన రోగులను ఎంతమందిని చూశారో మీకే తెలుసు.

తీర్పు పనికిరాదని నేననడం లేదు. ఆ తీర్పు లేకపోతే 2010లో ఢిల్లీ హైకోర్టులో లక్ష్మీ మండల్ కేసు అలా తేలేది కాదు. శాంతీదేవి అనే పేద మహిళ కాన్పు తర్వాత చనిపోయింది. ఆమెకు రావాల్సిన ఏ పథకమూ అందలేదు. కోర్టు ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించడంతో పాటు ఆ మరణం మీద ఆడిట్ చేయించింది. ప్రసూతి సంరక్షణ అనేది దయ కాదు, కోర్టు ద్వారా సాధించుకోగల హక్కు అని తేల్చింది. మా ఆటో డ్రైవరు కేసులో నేను ముందు పెట్టిన తీర్పు అదే. ఒక తీర్పు తనంతట తాను ఏ ఆసుపత్రినీ మార్చదు. తర్వాత వచ్చే లాయరు చేతికి పనిముట్టు అవుతుంది, అంతే.

పిల్‌లో ఎక్కువ కాలం తినేది తీర్పు తర్వాతి పని. దేవికా బిశ్వాస్ కేసు చూడండి. 2012 జనవరిలో బిహార్‌లోని అరారియా జిల్లాలో ఒక స్కూల్లో రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసేశారు. ఆ కేసులో 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఇలాంటి సామూహిక ఆపరేషన్ల క్యాంపులను ఆపేసేలా చూడాలంది. ఇలాంటి ఆదేశం వచ్చాక ప్రతి జిల్లాలో అది అమలవుతోందా అని చూడాల్సింది ఎవరు? సమాచార హక్కు దరఖాస్తు పెట్టే మనిషి, కాగితాలు చదివే మనిషి, కోర్టు ధిక్కరణ పిటిషన్ వేసే మనిషి. సంస్థలకు నిజంగా మనుషులు కావాల్సింది అక్కడే. కానీ దాతలకు కొత్త కేసు మీద ఉన్న ఇష్టం పాత తీర్పు అమలు మీద ఉండదు.

ఇంకో ప్రమాదం. సరిగ్గా తయారుకాని పిల్ ఓడిపోతే, అదే విషయం మీద తర్వాత వచ్చేవాళ్లందరికీ దారి మూసుకుపోతుంది. పేపర్ కటింగులు జత చేసి పిల్ వేసే అలవాటు ఇంకా పోలేదు. 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ తీర్పు తర్వాత హైకోర్టులు పిటిషనర్ ఎవరు, వివరాలు ఎంతవరకు నిజం, ఉద్దేశం ఏమిటి అని ముందే గట్టిగా చూస్తున్నాయి. పిటిషనర్ మీద కోర్టు ఖర్చులు కూడా వేస్తున్నాయి. నేను ఇప్పుడు ఎవరైనా పిల్ అంటే, ముందు ఆరు నెలలు సమాచార హక్కు జవాబులు పోగు చేయమంటాను. సగం మంది మళ్లీ రారు.

ఇంత రాశాను గానీ, ఈ పనిలో నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకోటుంది. మీ క్లయింటు, మీ ఉద్యమం ఒకటే కావు.

సంస్థలో ఉన్నప్పుడు రాతి పొడి మిల్లులో పనిచేసిన కూలీల సిలికోసిస్ (రాతి ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కేసులు నేను చూశాను. మొత్తం 14 మంది. అందరికీ అంతకుముందు టీబీ అని మందులు ఇచ్చారు, కొందరు రెండుసార్లు కోర్సు వాడారు. ఎక్స్‌రేలు తీయించి, ఛాతీ వైద్యుల చేత చూపించి సిలికోసిస్ అని రాయించుకోవడానికే ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత వాళ్లు ఆ మిల్లులో పనిచేశారని నిరూపించాలి. మస్టర్ రోల్ (హాజరు పట్టీ) లేదు, ఈఎస్‌ఐ కార్డు లేదు, జీతం చీటీ లేదు. యజమాని వీళ్లెవరో నాకు తెలియదన్నాడు. చివరికి మేస్త్రీ అడ్వాన్సులు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి దొరికింది. మసిబట్టిన పుస్తకం, పేరు పక్కన పేరు, ఏ వారం ఎంత ఇచ్చిందీ రాసి ఉంది. కేసు దాని మీదే నిలబడింది.

అప్పుడు యజమాని రాజీకి వచ్చాడు. మనిషికి ఇంత అని ఒక మొత్తం, ఆరోపణలు ఒప్పుకోకుండా, కేసులు వెనక్కి తీసుకోవాలి. మా సంస్థకు తీర్పు కావాలి. తీర్పు వస్తే రాష్ట్రంలో మిగతా మిల్లుల మీద వాడుకోవచ్చు, గ్రాంటు ఇచ్చినవాళ్లకు చూపించవచ్చు. నాకూ తీర్పే కావాలి, అబద్ధం ఎందుకు. మీటింగులో గంటసేపు మాట్లాడాను, 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు పని ప్రదేశంలో ఆరోగ్యం ప్రాథమిక హక్కని ఎలా చెప్పిందో, వాళ్ల వైద్య రికార్డులు 40 ఏళ్లు ఉంచాలని యజమానులకు ఎలా చెప్పిందో అన్నీ చెప్పాను. అంతా విని ఒకాయన లేచాడు. లేవడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మేడమ్, తీర్పు వచ్చేదాకా నేనుంటానా?" అన్నాడు.

పన్నెండు మంది రాజీకి ఒప్పుకున్నారు. ఇద్దరు కేసు నడిపారు. ఆ ఇద్దరిలో ఒకాయన తీర్పుకు ముందే పోయాడు, కేసులో ఆయన స్థానంలో భార్యను రికార్డులోకి తెచ్చే పిటిషన్ నేనే వేశాను. మా సంస్థలో కొందరు రాజీ చేయించానని నన్ను తప్పుపట్టారు. లాయరుగా మీ మొదటి బాధ్యత వకాలత్‌నామా మీద సంతకం పెట్టిన మనిషికి. సంస్థకు కాదు, ఉద్యమానికి కాదు. ఇది పుస్తకంలో ఒక్క లైనే. పాటించేటప్పుడు ఉద్యోగం మీదికి వస్తుంది. చేరబోయే సంస్థను ఇంటర్వ్యూలో ఇదొక్కటీ అడగండి: "క్లయింటు రాజీ కోరుకుని సంస్థ వద్దనుకుంటే ఏం చేస్తారు?" జవాబు తడబడితే మీకు అర్థమైపోతుంది.

గోప్యత కూడా ఇందులో భాగమే, ఆ విషయంలో మీకు నేను చెప్పాల్సింది తక్కువ. ఒక్కటి మాత్రం. 2017 హెచ్‌ఐవీ చట్టం కింద బాధితుల అసలు పేరు బయటపడకుండా మారుపేరుతో విచారణ జరపమని కోర్టును అడగవచ్చు. అది ఫైలింగ్ రోజే అడగాలి. ఒకసారి కాజ్ లిస్టులో (కోర్టు ఆ రోజు వినే కేసుల జాబితాలో) పేరు పడ్డాక ఏం అడిగినా లాభం లేదు. ప్రచారం కోసం బాధితురాలి ఫొటో అడిగే సంస్థలున్నాయి, వాళ్ల సంతకం తీసుకున్నాం కదా అంటారు. సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టు కాదని మన తెలుగు నేల మీదే తేలింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేసిన ప్రాజెక్టులో చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ పత్రాలను ఎవరో ఒకరు కూర్చుని ఒక్కొక్కటిగా చదవబట్టే సంగతి బయటికొచ్చింది.

కోర్టు గొడవ మనస్తత్వానికి సరిపడదనుకుంటే ఇంకో దారి కూడా ఉంది, మందుల పేటెంట్లు. మన పేటెంట్ చట్టంలో దరఖాస్తు మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, కంపెనీయే అయి ఉండక్కర్లేదు. మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మందు మీద పేటెంటును ఇంకా పొడిగించుకోవడానికి కంపెనీ పెట్టిన దరఖాస్తును 2023 మార్చిలో పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. అభ్యంతరం వేసినవాళ్లలో ఇద్దరు టీబీని జయించిన మహిళలు, మన దేశం నుంచి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా నుంచి ఫుమెజా టిసిలే. ఇద్దరూ పాత టీబీ మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. ఈ పనికి ఫార్మసీ చదివినవాళ్లు ఎక్కువ నప్పుతారు. నేను చేయలేదు, అందుకని ఇంతకంటే చెప్పను.

ఈ ఏడాదిలో మీరు చేయగలిగినవి

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు వంటి వారికి 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. వాళ్లు రాసుకొచ్చే అర్జీలు చదివితే జనం సమస్యను ఏ మాటల్లో చెప్తారో, అందులో చట్టానికి పనికొచ్చేది ఎక్కడుంటుందో తెలుస్తుంది.

రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్న సహాయకుడు గానీ అడిగితే 72 గంటల్లోపు వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో ఉంది. ఆ మాట పెట్టి అడిగే దరఖాస్తు ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిషులో తయారు చేసి పెట్టుకోండి. మీ పరిచయస్తుల్లో ఎవరికి అవసరమైనా అదే వాడండి. సమాచార హక్కు దరఖాస్తులు కూడా మీ పేరుతో నాలుగైదు వేయండి. 30 రోజులు ఆగడం, మొదటి అప్పీలు వేయడం చేతులారా చేస్తేనే వస్తుంది. "ఎందుకు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి జవాబు రాదు. ఏ రిజిస్టర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నకలు కావాలి అని అడగండి. రిజిస్టర్ల పేర్లు మీకు తెలుసు. నాకు నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది.

ఇంగ్లిషు గురించి అడిగారు. హైకోర్టుకు ఇంగ్లిషు కావాలి, సాకులు లేవు. రోజుకొక పేజీ డ్రాఫ్టింగ్ రాయండి, పొడుగు వాక్యాలు వద్దు. కానీ మీ తెలుగును తక్కువ చేసుకోకండి. మేము వేసిన అఫిడవిట్లలో సగం తప్పులు క్లయింటు చెప్పింది ఇంగ్లిషులోకి మార్చేటప్పుడే వచ్చాయి. "కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి" అని అత్తగారు చెప్తే, మా జూనియర్ దాన్ని జలుబు చేసిందని రాశాడొకసారి. ఎదుటి లాయరు అది పట్టుకుని ఒక వాయిదా మొత్తం ఆడుకున్నాడు. మీరుంటే ఆ మాట వినగానే మనిషి షాక్‌లోకి (రక్తప్రసరణ పడిపోయే ప్రాణాపాయ స్థితిలోకి) వెళ్లిందని అర్థమయ్యేది.

వయసు గురించి టెన్షన్ పడకండి. పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన మనిషి. లా చదివి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టింది నడివయసులోనే. మనందరం ఆయన అంతటి వాళ్లం కాదులెండి. కానీ కోర్టులో 33 చిన్న వయసే, అక్కడ యాభై ఏళ్లవారిని కూడా జూనియర్ అనే పిలుస్తారు.

ఇంట్లో వాళ్లకు సేవ, ఆశయం అని చెప్పకండి, భయపడతారు. లెక్క చెప్పండి. మొదటి రెండేళ్లు మీ ఆదాయం ఇప్పటి జీతంలో సగం కూడా ఉండదు. దాన్ని ఎలా పూడుస్తారో కాగితం మీద రాసి చూపించండి. నా దగ్గరికి వచ్చే జూనియర్లకు నేను పెట్టే షరతు, 18 నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, లేదా ఇంట్లో ఇంకొకరి జీతం ఉండాలి. రెండూ లేకపోతే ఇంకో ఏడాది నర్సు ఉద్యోగమే చేసి, డబ్బు కూడబెట్టి, అప్పుడు ఎన్‌రోల్ అవ్వండి. నేను చూసినంతలో ఐదారేళ్ల కోర్టు అనుభవంతో సంస్థల్లో రిటైనర్ మీద చేరినవాళ్లకు సీనియర్ స్టాఫ్ నర్సు జీతానికి దగ్గరగా వస్తోంది. దానికి మోటారు ప్రమాద కేసుల ఫీజులు తోడైతే ఇల్లు నడుస్తుంది. నాకు ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

ఏ జిల్లాలో ఉన్నారో రాయలేదు. 2019లో హైకోర్టు రెండుగా అయ్యాక తెలంగాణ, ఆంధ్ర కేసులు వేర్వేరు చోట్ల నడుస్తున్నాయి కాబట్టి, మీరు ఎటువైపో చెప్తే అక్కడ జూనియర్లకు పని నేర్పే సీనియర్లు ఎవరున్నారో కనుక్కుని చెప్పగలను. కేసు షీట్లు చదవడానికి మాత్రం ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు. నా దగ్గర ఇప్పుడు రెండున్నాయి, పేర్లు కొట్టేసి పంపిస్తాను. క్లయింట్లను అడిగాను, సరేనన్నారు.